సమస్యాపూరణం: ‘అంచు లేని దైన నంతు గలది’

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం. మిగతా మూడు పాదాలూ మీరు కట్టి పంపాలి.

అంచు లేని దైన నంతు గలది

విషయం విశ్వం పరిమితమా, అనంతమా అన్నది. అంచు ఉందంటే అక్కడ నిలబడి చెయ్యి చాపితే ఏమవుతుందని గ్రీకు తాత్త్వికుడు ఆర్కిటస్ క్రీ.పూ. 4వ శతాబ్దంలోనే అడిగాడు. అంచు లేకపోతే అనంతమేనన్నది ఆయన వాదం. అంచు (హద్దు) లేకపోవడం ఒకటి, అంతు (కొలతకు ముగింపు) లేకపోవడం మరొకటి అని తేల్చి చెప్పినవాడు జర్మన్ గణితవేత్త రీమాన్, 1854 నాటి ఉపన్యాసంలో. సమస్యలోని చిక్కు అదే. పాదం అచ్చుతో మొదలైంది కాబట్టి మూడో పాదం చివరి మాటను బట్టి ‘నంచు’ అనిగాని ‘యంచు’ అనిగాని సంధి చేసుకోవచ్చు, యతి చెడదు. చీర అంచు మీద పూరణలు వద్దని ముందే మనవి చేస్తున్నాను, అది మరీ దగ్గరి దారి.

మలక్‌పేట నుంచి:

భూమి చుట్టి రండు, పోదురు ముందుకే
గోడ కానరాదు, కొసయు లేదు
కొలువవచ్చు నేల, కొలత కోట్లే యైన
నంచు లేని దైన నంతు గలది

నిర్వాహకుడు:
మాస్టారూ, మొదటి పూరణ మీదే కావడం సంతోషం. యతులన్నీ కుదిరాయి. భూమి ఉపరితలం దాదాపు 51 కోట్ల చదరపు కిలోమీటర్లు కాబట్టి ‘కోట్లే’ అన్నది ఊరికే పడిన మాట కాదు. అయితే నేల మీద నడిచేవాడు తలెత్తితే పైన ఆకాశం కనిపిస్తుంది, అంటే నేలకు వెలుపల మరొక చోటు ఉంది. విశ్వానికి అలాంటి వెలుపల ఉండనవసరం లేదు; వంపు అన్నది లోపలి నుంచే కొలవగలిగిన గుణం. ఆ మెట్టు మీ పద్యం ఎక్కలేదు, ఆటవెలదిలో అంత చోటూ లేదనుకోండి.

చాంద్రాయణగుట్ట నుంచి:

చార్మినారు చెంత సంతలో గాజులు
వేలు పెట్టి తిప్ప వెలితి రాదు
కొలత చూచి యమ్ము కొట్టువాడే సాక్షి
యంచు లేని దైన నంతు గలది

నిర్వాహకుడు:
మూడో పాదానికి నమస్కారం, అమ్మా. లాడ్‌బజారులో కొట్టువాడు మన చేతి వేళ్ళను దగ్గరికి నొక్కి చూసి, టేపు తియ్యకుండానే ‘రెండు ఆరు’ అనేస్తాడు. అంతు ఉన్నదానికే ఆ సైజు చెప్పడం కుదురుతుంది. కాని ‘గాజులు’ బహువచనం, ‘గలది’ ఏకవచనం. ‘సంతలో గాజుపై’ అంటే భగణం రగణమైనా అదీ ఇంద్రగణమే కాబట్టి ఛందస్సు చెడదు, అన్వయమూ కుదురుతుంది.

మలక్‌పేట నుంచి:
వెడల్పాటి లక్క గాజుకు ఇరువైపులా అంచులుంటాయి కదా, తల్లీ?

చాంద్రాయణగుట్ట నుంచి:
ఉంటాయి, మాస్టారూ. వేలు తిరిగే దారి ఒక్కటే నా లెక్క. ఆ దారికి మొదలూ కొసా లేవు.

తార్నాక నుంచి:

రాత్రి నల్ల నేల? రవులు కోట్లుండగా
వెలుగు నిండవలదె విశ్వమెల్ల?
చీకటియె నిజమ్ము, సిద్ధమ్ము మిన్నిది
యంచు లేని దైన నంతు గలది

నిర్వాహకుడు:
పద్యంగా ఈ వారం వచ్చినవాటిలో ధార ఉన్నది ఇదే. ప్రశ్నతో ఎత్తుకుని తీర్పుతో దించారు. ‘నల్లన ఏల (ఎందుకు)’ అని విడదీయక ‘నల్ల నేల’ను కలిపి చదివితే రేగడి భూమి గుర్తుకొస్తుందన్నది చిన్న ఇబ్బంది. పెద్ద ఇబ్బంది తర్కంలో ఉంది. చీకటిని సాక్ష్యంగా చూపి విశ్వం పరిమితమని 1610లో ఖగోళవేత్త కెప్లర్ వాదించాడు. 1823లో ఓల్బర్స్ అదే ప్రశ్నను మళ్ళీ ఎత్తడంతో అది ఆయన పేరు మీద నిలిచిపోయింది. ఇప్పుడు మనకు తెలిసిన సమాధానం చోటుకు సంబంధించినది కాదు, కాలానికి సంబంధించినది. విశ్వం వయసు సుమారు 1,380 కోట్ల సంవత్సరాలు. నక్షత్రాలు అనాదిగా వెలుగుతున్నవి కావు. కాబట్టి చోటు అనంతమే అయినా చాలా దూరపు చుక్కల కాంతి మన దాకా చేరేందుకు వ్యవధి చాలలేదు, చేరిన కాంతి కూడా చోటు సాగడం వల్ల నీరసించి వస్తుంది. కాబట్టి చీకటి వల్ల తేలేది వెలుగుకు ఒక మొదలు ఉందన్నది మాత్రమే. చోటు ఎంత అన్నది దానివల్ల తేలదు.

ఇంకొక మాట. ‘వెలుగు నిండవలదె’ అన్న మీ ప్రశ్నకు ‘నిండే ఉంది’ అని జవాబు చెప్పవచ్చు. 1965లో పెంజియాస్, విల్సన్ ప్రకటించిన మైక్రోవేవ్ వికిరణం ఆకాశంలో ఏ దిక్కుకు తిరిగినా ఉంది. ఒకప్పుడు కంటికి కనిపించే వెలుగే, సాగి సాగి ఇప్పుడు పరమశూన్యానికి (అంతకంటే చల్లదనం లేని మెట్టుకు) మూడు డిగ్రీల లోపు చల్లబడింది.

మలక్‌పేట నుంచి:
‘రవులు కోట్లుండగా’ అన్నచోట మన ఊరి మాట ఒకటి చెప్పుకోవాలి. అంతర్జాతీయ నక్షత్ర పట్టిక కోసం దక్షిణ క్రాంతి (ఆకాశపు మధ్యరేఖ నుంచి దక్షిణానికి కొలిచే దూరం) 17 నుంచి 23 డిగ్రీల వరకు ఉన్న పట్టీని హైదరాబాదు బేగంపేటలోని నిజామియా వేధశాల ఫొటో పలకల మీదికి ఎక్కించింది. ఆ ఒక్క పట్టీలోనే చుక్కలు లక్షల్లో తేలాయి. అయినా పలక మీద పడినవాటిని లెక్కపెట్టగలిగాం కదా అని పడనివి లేవనుకోవడం పొరపాటు; తార్నాక వారి పద్యం దాదాపు ఆ పనే చేస్తున్నది.

మియాపూర్ నుంచి:

కాంతి వచ్చునంతె కనుచూపు మేరయౌ
మించి యున్న దేమొ, మేము గనము
చూడగలుగు జగము చుక్కల గుంపుతో
నంచు లేని దైన నంతు గలది

నిర్వాహకుడు:
మొదటి రెండు పాదాల్లోని వినయం నాకు నచ్చింది. కాని చూడగలిగే జగానికి అంతుతో పాటు అంచు కూడా ఉంది. ఏ దిక్కు చూసినా ఇప్పటి లెక్క ప్రకారం సుమారు 4,600 కోట్ల కాంతి సంవత్సరాల దగ్గర మన చూపు ఆగుతుంది. వయసు 1,380 కోట్లయితే దూరం అంతెలా అయిందంటే, కాంతి ప్రయాణిస్తున్నంత కాలమూ అది దాటి వచ్చిన దారి వెనక సాగుతూనే ఉంది. ఆ ఆగినచోటు గోడ కాదు, చూసేవాడిని బట్టి మారే దిగంతం. అయినా చూసేవాడికి అది అంచే. కాబట్టి సమస్యలోని విరోధం విడిపోలేదు, పక్కకు తప్పుకుంది.

ఉప్పల్ నుంచి:

వంగిపోవు చోటు వస్తు భారమ్ముతో
తిన్నగాను సాగు తేజ మచట
వెనుక నుండి వచ్చి వీపు దాకుట జేసి
యంచు లేని దైన నంతు గలది

నిర్వాహకుడు:
సమస్యకు గురిచూసి కొట్టిన పూరణ ఇది. 1917లో ఐన్‌స్టీన్ ప్రతిపాదించిన విశ్వం ఇదే: పదార్థం వల్ల చోటు తనలోకి తాను వంగి మూసుకుంటుంది, ఎంత తిన్నగా వెళ్ళినా బయలుదేరిన చోటికే చేరతాం. ‘వీపు దాకుట’ అన్న చిత్రం ఆ గణితాన్ని కళ్ళకు కట్టింది. నాకున్న అభ్యంతరం ‘జేసి’ అన్న ఒక్క మాట మీదే. అది జరిగి తీరినట్టు, దాన్నిబట్టి అంతు రుజువైనట్టు పద్యం చెబుతున్నది. ఐన్‌స్టీన్ ఊహించింది కదలని విశ్వాన్ని. విశ్వం సాగవచ్చని 1922లో ఫ్రీడ్‌మన్ సమీకరణాల నుంచే చూపాడు, 1929లో హబుల్ పరిశీలన ఆ సాగుదలకు ఆధారమైంది. ఇక ఆ మైక్రోవేవ్ వికిరణాన్ని కొలిచిన ప్లాంక్ ఉపగ్రహం నుంచి 2018లో వెలువడిన ఫలితాలను గెలాక్సీల కొలతలతో కలిపి చూస్తే, చోటు వంపు దాదాపు సున్నా. అటూ ఇటూ వెయ్యింట రెండు పాళ్ళ తేడాకు మాత్రమే తావుంది.

ఉప్పల్ నుంచి:
వంపు లేకపోతే విశ్వం అనంతమని ఒప్పుకోవలసిందేనా, గురువుగారూ?

నిర్వాహకుడు:
అక్కర్లేదు. వంపు లేకుండానే ఒక వైపు దాటినవాడు ఎదురు వైపు నుంచి ప్రవేశించేలా చోటు ముడిపడి ఉండవచ్చు; అప్పుడు అది చదునైనదీ అవుతుంది, అంతు గలదీ అవుతుంది. అలా ముడిపడి ఉండి, ఆ చుట్టు మన చూపుమేర కంటే చిన్నదైతే, మైక్రోవేవ్ ఆకాశంలో వేర్వేరు దిక్కుల్లో జంట వలయాలు ఒకే పోలికతో కనిపించాలి. వెతికారు, కనిపించలేదు. కాబట్టి చుట్టు లేనే లేదని కాదు, ఉంటే మనకు అందనంత పెద్దదని. వంపు సున్నాకు ఎంత దగ్గరగా తేలినా, కచ్చితంగా సున్నాయేనని ఏ కొలతా చెప్పలేదు కూడా. మీ పద్యాన్ని కొట్టెయ్యడానికి ఆధారం లేదు, ముద్ర వెయ్యడానికీ లేదు. మూడో పాదం చివర మారిస్తే చాలు.

ఉప్పల్ నుంచి:
అయితే ఇలా మారుస్తున్నాను.

వెనుక నుండి వచ్చి వీపు దాకెడు నేని
యంచు లేని దైన నంతు గలది

నిర్వాహకుడు:
‘కెడునేని’ సలగణం, సరిపోయింది. ‘ఏని’ మీద యడాగమమూ సరే. ఈ వారానికి ఈ పూరణనే ముందు ఉంచుతున్నాను. ధారకు తార్నాక వారిది రెండోది.