సీ ల్యాబ్‌లో పిల్లలు ప్రోగ్రామ్ రాసే తీరును ఎంత లోతుగా రికార్డు చేయాలి?

ల్యాబ్ మేడం:
ఇంజనీరింగ్ ఫస్టియర్‌కి సీ ల్యాబ్ చెప్తాను. 60 మంది, మూడు గంటలు. చివరికి నా చేతికొచ్చేది ఫైనల్ ప్రోగ్రామ్, అవుట్‌పుట్, అంతే. అందరిదీ కరెక్టే, అందరిదీ దాదాపు ఒకటే. వైవాలో ఒక్క లూప్ గురించి అడిగితే సగం మంది తల దించుకుంటారు. ఎవరు ఎక్కడ ఇరుక్కున్నారో అప్పటికప్పుడు తెలిస్తే వెళ్ళి పక్కన కూర్చుంటాను కదా అని నా బాధ. నొక్కిన ప్రతి కీని నమోదు చేసే ప్లగిన్ పెడదామని మా ల్యాబ్ అసిస్టెంట్ అంటున్నాడు. కంపైల్ చేసినప్పుడల్లా, అంటే రాసినదాన్ని మెషీన్ భాషలోకి మార్చమన్నప్పుడల్లా, ప్రోగ్రామ్ కాపీ ఒకటి దాస్తే సరిపోదా? డిస్క్ నిండిపోతుందేమోనని కూడా టెన్షన్.

షెల్‌స్క్రిప్ట్:
డిస్క్ సంగతి వదిలేయండి మేడం. 40 లైన్ల ప్రోగ్రామ్‌కి చెరిపినవి కూడా కలిపి 3000 కీలు అనుకుందాం, ఒక్కోదానికి 100 బైట్లు వేసుకున్నా 60 మందికి 18 ఎంబీ. ఫోన్‌లో నాలుగు ఫొటోలు తీస్తే అంత అవుతుంది. అంత డేటాని కూర్చుని చదివేదెవరు అన్నదే అసలు ప్రశ్న.

నేనైతే మన సీ కంపైలర్ జీసీసీ పేరుతోనే ఒక చిన్న స్క్రిప్ట్ రాసి, పాత్‌లో, అంటే కమాండ్‌ల కోసం సిస్టమ్ వరసగా వెతికే ఫోల్డర్ల జాబితాలో, అసలుదాని కంటే ముందు పెట్టాను. అది ఫైల్‌ని టైముతో సహా కాపీ చేసి, అసలు జీసీసీని పిలిచి, వచ్చిన ఎర్రర్‌ని పక్కనే రాసి పెడుతుంది. ఎర్రర్ మాత్రం తప్పకుండా దాచండి, పిల్లాడు స్క్రీన్ మీద ఏం చూశాడో తెలియకపోతే తర్వాత ఏం మార్చాడో, ఎందుకు మార్చాడో అర్థం కాదు. ఒకే లైన్లో ఒకే ఎర్రర్ వరసగా నాలుగైదు సార్లు వచ్చిందంటే మీరు లేచి వెళ్ళాల్సిన బెంచి అదే. రన్ చేసినవి కూడా రాసుకోండి. ఇన్‌పుట్ తీసుకునే స్కాన్‌ఎఫ్‌లో యాంపర్‌సాండ్ (&) గుర్తు మర్చిపోతే కంపైల్ అయిపోతుంది, రన్ చేశాకే పడిపోతుంది.

జావా నేర్పేవాణ్ణి:
ఒక్క మాట కీస్ట్రోక్‌ల తరఫున. సరైన కండిషన్ రాసి, నమ్మకం లేక, కంపైల్ చేయకముందే చెరిపేసుకునే పిల్లలుంటారు. కంపైల్ కాపీల్లో వాళ్ళు ఎప్పటికీ కనపడరు. కానీ కాపీ కొట్టేవాళ్ళని పట్టుకోవడానికి మాత్రం వాడకండి. ఫోన్ చూసి కొట్టినవాడూ ఆగకుండానే టైప్ చేస్తాడు, ఇంట్లో పేపర్ మీద కష్టపడి రాసుకొచ్చినవాడూ అంతే.

మధ్య దారి కూడా ఉంది. ఇంగ్లండ్‌లో కెంట్ యూనివర్సిటీవాళ్ళు జావా నేర్చుకునేవాళ్ళు వాడే బ్లూజే ఎడిటర్‌లో 2013లో బ్లాక్‌బాక్స్ అని మొదలుపెట్టారు. లైన్ స్థాయి మార్పులు, కంపైల్ చేసినవి తీసుకుంటారు, అదీ సరేనన్నవాళ్ళవే, పేర్లు లేకుండా.

థర్డియర్ స్టూడెంట్:
మేడం, మా దగ్గర ప్రతి కీ రికార్డు చేశారు, ముందు చెప్పలేదు. ఒకరోజు క్లాసులో నా ప్రోగ్రామ్ ప్రొజెక్టర్ మీద ప్లే చేశారు. "ఎందుకు రావట్లేదు దేవుడా" అని కామెంట్ రాసి చెరిపేశాను, అది కూడా అందరికీ కనిపించింది. ఆ తర్వాత నేను ఎడిటర్‌లో ఆలోచించడం మానేశాను. ఇంకో చోట రాసుకుని చివర్లో పేస్ట్ చేసేదాన్ని. ఇక వాళ్ళకి ఏ డేటా దొరికినట్టు? పేరు తీసేశామంటారు కానీ టైప్ చేసే లయని బట్టి మనిషిని గుర్తుపట్టొచ్చు. పైగా ఫస్టియర్‌లో చాలామందికి 17 ఏళ్ళే. 2023 డేటా రక్షణ చట్టం లెక్కలో 18 నిండనివాళ్ళు పిల్లలే, అమ్మానాన్నల అనుమతి సంగతి కూడా చూసుకోండి.

ల్యాబ్ మేడం:
నీకలా జరగడం చాలా బాధగా ఉందమ్మా. చెప్పి మంచి పని చేశావు. కీస్ట్రోక్‌లు వద్దు. కంపైల్, రన్, ఎర్రర్ చాలు. మొదటి క్లాసులోనే ఏం దాస్తున్నానో తెరిచి చూపిస్తాను, అనుమతి పత్రాలు వచ్చాకే మొదలుపెడతాను. మార్కులకి దీనికి సంబంధం ఉండదు, సెమిస్టర్ అయ్యాక తుడిచేస్తాను. షెల్‌స్క్రిప్ట్ గారూ, ప్రోగ్రామ్ కలుపుకునే హెడర్ ఫైల్ (.హెచ్) వేరేగా ఉంటే మీ స్క్రిప్ట్ దాన్ని కూడా కాపీ చేస్తుందా?

షెల్‌స్క్రిప్ట్:
చేయదండి. ఒక్క ఫైల్ బదులు ఆ ఫోల్డర్‌లోని .సీ, .హెచ్ ఫైళ్ళన్నీ కాపీ అయ్యేలా ఆ లైన్ మార్చుకోండి. అన్ని మెషీన్ల గడియారాలు కలిశాయో లేదో కూడా ముందే చూసుకోండి, మా ల్యాబ్‌లో రెండు సిస్టమ్స్ గంట వెనక ఉండి వారం డేటా కలగాపులగం అయింది.