కాల్ నంబరు, యాక్సెషన్ నంబరు: కౌంటర్లో ఏది చెప్పాలి?

ప్రశ్న (కావలి):
గ్రూప్స్ కోసం నెల్లూరులో లైబ్రరీకి వెళ్తున్నా. పుస్తకం వెన్ను మీద ఒక నంబరు, లోపల ముద్రలో ఇంకోటి. ఏది దేనికి, అన్నా?

జవాబు (నెల్లూరు):
వెన్ను మీది చీటీ కాల్ నంబరు, అంటే బీరువాలో దాని చోటు. పై వరుస విషయం: డ్యూయీ పద్ధతిలో (పుస్తకాలను విషయాన్ని బట్టి అంకెలతో విడదీసే పద్ధతి) 330 అర్థశాస్త్రం, 954 భారత చరిత్ర, 894.827 తెలుగు సాహిత్యం. కింద సాధారణంగా రచయిత పేరులోని అక్షరాలు. లోపలిది యాక్సెషన్ నంబరు, అంటే ఆ ఒక్క ప్రతికి లైబ్రరీ ఇచ్చిన సొంత నంబరు. ఒకే పుస్తకం మూడు ప్రతులుంటే కాల్ నంబరు ఒకటే, యాక్సెషన్ నంబర్లు మూడు. వెతకడానికి మొదటిది, ఇష్యూకీ రిటర్నుకీ రెండోది.

జవాబు (ఒంగోలు):
చుక్క తర్వాత అంకెల దగ్గరే ఎక్కువమంది తప్పుతారు. అరలో 954.035 ముందు వస్తుంది, 954.04 తర్వాత. 35 పెద్దది కదా అని వెనక వెతికితే దొరకదు. ఎడమ నుంచి ఒక్కో అంకే పోల్చండి. నంబరు ముందు 'ఆర్' ఉంటే మామూలుగా రిఫరెన్సు, ఇంటికివ్వరు. చదివాక పుస్తకం బల్ల మీదే వదిలేయండి. తప్పు అరలో దూర్చితే అది పోయినట్టే!

ప్రశ్న (కావలి):
కేటలాగులో ఉంది, అరలో లేదు?

జవాబు (నెల్లూరు):
ఇష్యూ అయ్యుండొచ్చు, లేదా బైండింగుకి పోయుండొచ్చు. కాల్ నంబరు రాసిచ్చి రిజర్వు చేస్తారేమో అడగండి.