నల్లగొండ నుంచి వెళ్లి శీతాకాలపు కెరటాలను ఫోటో తీయాలంటే ఏ రోజు బయలుదేరాలి, ఏ తీరానికి వెళ్లాలి?

ప్రశ్న: పానగల్లు వాసి

అందరికీ నమస్కారం. మాది నల్లగొండ. మా ఊరి పక్కనే ఉదయసముద్రం చెరువు ఉన్నా దానికి పేరులోనే సముద్రం. ఎంత గాలి వీచినా కట్ట రాళ్లను తడిపే చిన్న అలలే తప్ప, లేచి వంగి విరిగి పడే కెరటం అక్కడ పుట్టదు. అటువంటి కెరటాన్ని ఒక్కటైనా సరిగ్గా ఫోటో తీయాలని మూడేళ్లుగా అనుకుంటున్నాను.

నిరుడు సంక్రాంతి సెలవుల్లో ఇంటిల్లిపాదినీ కారులో ఎక్కించుకొని, అద్దంకి రోడ్డు మీదుగా బాపట్ల సూర్యలంక చేరేసరికి పగలు పదకొండు దాటింది. తీరమంతా జనం. సముద్రం మోకాలి ఎత్తు అలలతో బూడిద రంగులో పడుకొని ఉంది. నాలుగు వందల దాకా ఫోటోలు తీస్తే, పిల్లలు బజ్జీలు తింటున్నవి తప్ప ఒక్కటీ దాచుకోదగినది కాదు. నా దగ్గర పాత క్రాప్ సెన్సర్ (చిన్న సెన్సర్) కెమెరా, 18–55, దూరాన్ని దగ్గరగా చూపే 55–250 లెన్సులు, నీటి మీది మెరుపును తగ్గించే ఒక పోలరైజర్ ఫిల్టర్ ఉన్నాయి. ఉద్యోగం వల్ల శనివారం రాత్రి బయలుదేరి ఆదివారం రాత్రికి ఇల్లు చేరాలి. ఏ నెలలో వెళ్లాలి, ఏ తీరం మంచిది, ముందుగా ఏం చూసుకొని బయలుదేరాలి అన్నది అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు: చీరాల అల్లుడు

మాది మిర్యాలగూడ, అత్తగారి ఊరు చీరాల. పండుగకు వెళ్లిన ప్రతిసారీ తెల్లవారుజామున కెమెరా పట్టుకొని వాడరేవుకు వెళ్లడం, అల్లుడికి నిద్ర పట్టడం లేదని మా అత్తగారు కంగారుపడటం పదిహేనేళ్లుగా జరుగుతున్నదే. మీరు చేసిన పొరపాట్లన్నీ నేనూ చేశాను కాబట్టి చెబుతున్నాను.

మొదటిది నెల. మనకు చలి సంక్రాంతి నాటికి బాగా ముదురుతుంది కాబట్టి శీతాకాలపు అలలు కూడా అప్పుడే బాగుంటాయని అనుకుంటాం. బంగాళాఖాతం ఆ లెక్కన నడవదు. ఈశాన్య రుతుపవనాలు బలంగా ఉండి, సముద్రంలో అల్పపీడనాలు పుడుతుండే అక్టోబరు చివరి నుంచి డిసెంబరు చివరి దాకానే మన తీరంలో శీతాకాలపు కెరటాలకు అదను. సంక్రాంతి నాటికి గాలి మెత్తబడుతుంది, సముద్రమూ మెత్తబడుతుంది. మీరు వెళ్లింది జాతర ముగిసిన తరువాత.

రెండవది తీరం. సూర్యలంక కుటుంబంతో వెళ్లడానికి చక్కటి చోటు, కానీ కెరటాలకు కాదు. పటం తీసి చూడండి. కృష్ణా డెల్టా హంసలదీవి వైపు సముద్రంలోకి మోచేయిలా పొడుచుకొని ఉంటుంది, సూర్యలంక ఆ మోచేతికి పడమర పక్కన, నిజాంపట్నం అఖాతపు లోపలి అంచున ఉంటుంది. ఈశాన్యం నుంచి వచ్చే అలలకు డెల్టా అడ్డుపడుతుంది, మిగిలిన బలాన్ని లోతు తక్కువగా ఉన్న అడుగు నేల తినేస్తుంది. పైగా కృష్ణ తెచ్చిన ఒండ్రు వల్ల నీటి రంగు కూడా మట్టిగానే ఉంటుంది.

అందుచేత మీరు ఇంకొంచెం దక్షిణానికి దిగాలి. నార్కట్‌పల్లి నుంచి అద్దంకి, మేదరమెట్ల దాకా వెళ్లే రహదారి నల్లగొండ మీదుగానే పోతుంది కదా. దానిని చివరిదాకా పట్టుకొని ఒంగోలు వెళ్లి, అక్కడి నుంచి కొత్తపట్నం చేరండి. మొత్తం సుమారు రెండు వందల యాభై కిలోమీటర్లు. వాడపల్లి దగ్గర కృష్ణ దాటాక రోడ్డు మీద సిమెంటు లారీలు ఎక్కువ, కాబట్టి అర్ధరాత్రి దాటగానే బయలుదేరి నిదానంగా నడపండి. ఇంకో గంటన్నర, రెండు గంటలు ఓపిక ఉంటే నెల్లూరు దగ్గర మైపాడు ఇంకా మేలు. అక్కడ తీరం దాదాపు నేరుగా తూర్పుకు తెరుచుకొని ఉంటుంది.

మూడవది వేళ, నా లెక్కలో ఇదే అన్నిటికన్నా ముఖ్యం. రాత్రంతా నేల చల్లబడటం వల్ల తెల్లవారుజామున గాలి నేల మీది నుంచి సముద్రం వైపు వీస్తుంది. బడిలో భూపవనం అని చదువుకున్నది ఇదే. వస్తున్న కెరటానికి ఈ గాలి ఎదురు తగిలి, దాని ముఖాన్ని నున్నగా దువ్వి, తొందరగా కూలిపోకుండా కాసేపు నిలబెట్టి, అంచు నుంచి నురుగును వెనక్కి జుట్టులా ఎగరేస్తుంది. తొమ్మిది, పది గంటలకు నేల వేడెక్కి గాలి తిరగబడిందంటే అదే కెరటం చిందరవందరగా ఉడుకుతున్న నీళ్లలా మారిపోతుంది. మీరు పదకొండుకు చేరానన్నప్పుడే నాకు అర్థమయింది.

జవాబు: దేవరకొండ మాస్టారు

పై మిత్రుడు చెప్పింది సబబుగానే ఉంది. భూగోళశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసిన వాడిని కాబట్టి, బయలుదేరే ముందు ఏ అంకెలు చూడాలో నేను చెబుతాను.

సముద్రపు అలల ముందస్తు సూచనను మన దేశంలో ఇచ్చే సంస్థ ఇన్‌కాయిస్. అది ఉన్నది హైదరాబాదులోని ప్రగతినగర్‌లో. సముద్రం కంటికి కనిపించని చోటి నుంచి దేశపు సముద్రాలన్నిటి కబురు వస్తుందన్నమాట, కనుక మన తెలంగాణ వాళ్లం మొహమాటపడనక్కర లేదు. ఆ సంస్థ వెబ్‌సైటులో తీరాల వారీగా అల ఎత్తు, అలల మధ్య వ్యవధి, అవి వచ్చే దిక్కు కనిపిస్తాయి. అక్కడ చెప్పే ఎత్తు అన్ని అలల సగటు కాదు, పెద్దవైన మూడోవంతు అలల సగటు. అంటే మీటరున్నర అని రాసి ఉన్న రోజున మధ్యమధ్య రెండున్నర మీటర్ల అల కూడా రావచ్చు. ఈ మాటను ఫోటో కోసమే కాదు, ప్రాణం కోసం కూడా గుర్తుపెట్టుకోండి.

కొత్తవారందరూ ఎత్తు మాత్రమే చూస్తారు. నేనైతే ముందు వ్యవధి చూడమంటాను. ఒక కెరటం శిఖరం దాటిన తరువాత మరొక శిఖరం రావడానికి పట్టే సెకన్లే వ్యవధి. లోతైన నీటిలో అల పొడవు ఆ సెకన్ల వర్గాన్ని 1.56తో గుణిస్తే మీటర్లలో వస్తుంది. ఆరు సెకన్ల అల పొడవు 56 మీటర్లయితే, తొమ్మిది సెకన్ల అల పొడవు 126 మీటర్లు. ఎత్తు రెండింటికీ ఒకటే అయినా, రెండవది మోసుకొచ్చే నీరు ఎక్కువ, అది ఒడ్డు దగ్గర నేల తగిలి లేచేటప్పుడు నిలువుగా, తీరుగా లేస్తుంది. ఆరు సెకన్లవి దగ్గరలోని గాలికి అప్పటికప్పుడు పుట్టిన అలలు, ఒకదానిని ఒకటి తొక్కుకుంటూ వస్తాయి. తొమ్మిది, పది సెకన్లవి దూరంలో పుట్టి, దారిలో వరుస కుదుర్చుకొని వచ్చినవి.

ఈ దూరం సంగతిలోనే మీకు పనికివచ్చే కిటుకు ఉంది. తొమ్మిది సెకన్ల అలల గుంపు లోతు నీటిలో గంటకు 25 కిలోమీటర్ల వేగంతో ప్రయాణిస్తుంది. శ్రీలంకకు తూర్పున, మన తీరానికి ఏడు వందల కిలోమీటర్ల దూరంలో ఒక వాయుగుండం బలపడితే, దాని అలలు మన దగ్గరికి చేరడానికి సుమారు 28 గంటలు పడుతుంది. అంటే శుక్రవారం రాత్రి వార్తల్లో వాయుగుండం సంగతి విని, శనివారం సాయంత్రం అంకెలు సరిచూసుకొని, ఆదివారం తెల్లవారేసరికి ఒడ్డున నిలబడవచ్చు.

అయితే తుపాను మన తీరానికే వస్తుంటే ఇల్లు కదలవద్దు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. అటువంటి రోజున వాన, మబ్బు, బురద నీరు తప్ప కెమెరాకు దక్కేది కూడా ఏమీ ఉండదు. మంచి కెరటాన్ని పంపేది దూరంగా ఉన్న తుపాను. మత్స్యకారులను వేటకు వెళ్లవద్దని హెచ్చరించిన రోజున మనకూ అదే హెచ్చరిక.

జవాబు: పాలమూరు బాటసారి

తీరం విషయంలో చీరాల అల్లుడు గారితో నేను ఏకీభవించను. కొత్తపట్నం, మైపాడులలో కెరటం బాగానే ఉంటుంది, కానీ ఫోటోలో కెరటం వెనుక ఏమీ ఉండదు. ఇసుక, నీరు, ఆకాశం, అంతే. ఒక పూట చూసి వచ్చేస్తాం. విశాఖలో కొండ సముద్రంలోకి దిగి ఉంటుంది, నీరు పచ్చగా ఉంటుంది, తెన్నేటి పార్కు కింద బండల మీద కెరటం పగిలి పైకి లేస్తుంది, కైలాసగిరి మీది నుంచి చూస్తే వరుస వెనుక వరుసగా అలలు ఒంపు తిరుగుతూ ఒడ్డుకు రావడం కనిపిస్తుంది. యారాడ, రుషికొండ, భీమిలి మూడింటికీ మూడు స్వభావాలు. విశాఖ ఎక్స్‌ప్రెస్ నల్లగొండ మీదుగానే వెళ్తుంది. ఒక్క ఆదివారంలో కుదరదన్నది నిజమే, రెండు రోజులు సెలవు పెట్టండి. మాది మహబూబ్‌నగర్ కావడంతో మిత్రులు రాయచూరు మీదుగా గోవా దగ్గర కదా అంటుంటారు. దగ్గరే, కానీ శీతాకాలంలో పడమటి సముద్రం శాంతించి ఉంటుంది. అక్కడ కెరటాలు లేచేది వానాకాలంలో.

ఇక కెమెరా సంగతి. డిసెంబరులో మన తీరంలో సూర్యుడు సరిగ్గా తూర్పున ఉదయించడు, దాదాపు 24 డిగ్రీలు దక్షిణానికి జరిగి ఉదయిస్తాడు. విశాఖ తీరం ఆగ్నేయానికి తిరిగి ఉంటుంది కాబట్టి సూర్యుడు నేరుగా మన ఎదుట, కెరటం వెనుక నుంచి వస్తాడు. ఎదురు వెలుగు చెడ్డదని పెళ్లి ఫోటోలు తీసే వాళ్లు నేర్పిన పాఠాన్ని ఇక్కడ మరచిపోవాలి. విరగబోతున్న కెరటపు అంచు పలుచగా ఉంటుంది, దాని గుండా ఏటవాలు ఎండ దూరినప్పుడు నీరు సీసా గాజులా లోపలి నుంచి వెలుగుతుంది. ఈ వెలుగు సూర్యోదయం తరువాత అరగంట, ముప్పావుగంట కంటే నిలవదు. ఆ వేళకు 55–250 లెన్సు, సెకనులో వెయ్యోవంతు కంటే వేగమైన షట్టరు, వరుస షాట్లు. నురుగు తెల్లగా మాడిపోకుండా ఎక్స్‌పోజరు కొంచెం తగ్గించండి. నీడలను ఇంటికి వచ్చాక పైకి లాగవచ్చు, మాడిన తెలుపును ఎవరూ తిరిగి తేలేరు. పోలరైజర్ ఆ సమయంలో తీసేయండి, వెలుగును ఒకటిన్నర నుంచి రెండు స్టాపుల దాకా మింగేస్తుంది (ఒక స్టాపు తగ్గితే వెలుగు సగమవుతుంది). సూర్యోదయానికి ముందు మసక వెలుగులో మాత్రం పదిహేనోవంతు సెకనుతో, కెమెరాను కెరటంతో పాటు పక్కకు తిప్పుతూ తీసి చూడండి.

అన్నిటికన్నా పెద్ద తేడా తెచ్చేది కూర్చోవడం. నిలబడి తీస్తే మన కన్ను కెరటం తల కంటే ఎత్తులో ఉంటుంది, అందుకని కెరటం దిగంత రేఖకు కిందనే ఉండిపోయి నేలకు అతుక్కున్నట్టు కనిపిస్తుంది. కన్ను కెరటపు శిఖరం కంటే కిందికి దిగితేనే అది ఆకాశంలోకి లేస్తుంది. తడి ఇసుకకు దూరంగా, లెన్సును పూర్తిగా సాగదీసి, మోకాళ్ల మీద కూర్చొని తీయండి. మీటరున్నర కెరటం కూడా కొండలా ఉంటుంది. ప్యాంటు పాడవుతుంది, ఇంకొకటి వెంట ఉంచుకోండి.

అనుబంధ ప్రశ్న: పానగల్లు వాసి

ముగ్గురికీ కృతజ్ఞతలు. ఈసారి కొత్తపట్నమే వెళ్తాను, విశాఖను సెలవు దొరికినప్పటికి ఉంచుకుంటాను. రెండు చిన్న సందేహాలు. ఎంత ఎత్తు, ఎన్ని సెకన్లు ఉంటే బయలుదేరవచ్చు? ఒడ్డుకు చేరాక ఎక్కడ నిలబడాలో ఎలా తేల్చుకోవాలి?

జవాబు: దేవరకొండ మాస్టారు

మీటరు నుంచి మీటరున్నర ఎత్తు, ఎనిమిది సెకన్లకు తగ్గని వ్యవధి, తెల్లవారుజామున పడమర లేదా వాయవ్యపు గాలి ఉంటే నేనైతే బయలుదేరుతాను. రెండు మీటర్లు దాటితే కెమెరా సంచి సర్దను. అమావాస్య, పౌర్ణమి దగ్గర పోటు ఎక్కువగా ఉంటుంది, పోటు వచ్చే వేళ రోజుకు సుమారు 50 నిమిషాల చొప్పున ఆలస్యమవుతూ ఉంటుంది. కార్తీక పౌర్ణమి నాడు మాత్రం సముద్రస్నానాల జనం వల్ల కాలు పెట్టడానికి చోటుండదు.

జవాబు: చీరాల అల్లుడు

చేరగానే కెమెరా తీయకండి. పావుగంట ఊరికే కూర్చొని చూడండి. కెరటాలు గుంపులుగా వస్తాయి, నాలుగైదు పెద్దవి, తరువాత కాసేపు విరామం. అవి మళ్లీ మళ్లీ ఒకే చోట విరుగుతుంటే అక్కడ అడుగున ఇసుక తిన్నె ఉందని అర్థం, ఆ చోటికి కొంచెం పక్కగా కూర్చోవాలి. రెండు తెల్లటి నురుగు పట్టీల మధ్య నురుగు లేని ముదురు రంగు దారి కనిపిస్తే అది ప్రశాంతమైన చోటు కాదు, ఒడ్డుకు చేరిన నీరు వెనక్కి పోయే దారి. సముద్రం లాగుతుందని మా వాడరేవు వాళ్లు అనేది దాని గురించే. ఫోటోలో అందంగా ఉంటుంది, కాలు మాత్రం పెట్టవద్దు.

ఒడ్డు నుంచి అలివి వల లాగుతున్న మత్స్యకారులు కనిపిస్తే ముందు పలకరించి, అడిగి తీయండి. వాళ్లకు అది పని, మనకు అది దృశ్యం. డ్రోను ఉన్న మిత్రులను తీసుకువెళ్లే ఆలోచన ఉంటే సూర్యలంకలో వైమానిక దళ స్థావరం, విశాఖలో నౌకాదళ స్థావరాలు ఉన్నాయని గుర్తుంచుకోండి, అనుమతి లేకుండా ఎగరేస్తే ఫోటోల సంగతి అటుంచి స్టేషనులో కూర్చోవలసి వస్తుంది.

జవాబు: పాలమూరు బాటసారి

ఉప్పు గురించి ఎవరూ చెప్పలేదు. లెన్సు మీద పడిన తుంపరను పొడి గుడ్డతో రుద్దవద్దు, ఆరిన ఉప్పు గరుకై గాజును గీస్తుంది. మంచినీటితో కొద్దిగా తడిపిన మెత్తటి గుడ్డతో అద్ది, ఆ తరువాతే పొడి గుడ్డ వాడాలి. ఒడ్డున లెన్సులు మార్చకండి, కారులో కూర్చొని మార్చండి. ట్రైపాడు కాళ్లను ముందే ఇసుకలోకి బలంగా గుచ్చాలి, లేకపోతే వెనక్కి పోయే నీరు కింది ఇసుకను తోడేసి కెమెరాతో సహా పడేస్తుంది. ఇల్లు చేరిన రాత్రే, ఎంత అలసటగా ఉన్నా, దాని కాళ్లన్నీ విప్పి బోరు నీటితో కాకుండా మంచినీటితో కడిగి ఆరబెట్టండి. నేను ఒకసారి మరుసటి ఆదివారానికి వాయిదా వేస్తే కీళ్లు బిగుసుకుపోయి, పాలమూరులో సైకిలు రిపేరు చేసే ఆయన దగ్గరికి తీసుకువెళ్లి సుత్తితో కొట్టించి విప్పించవలసి వచ్చింది.