బిజినెస్ పాడ్‌కాస్టులు ఇంటీరియర్ డిజైనర్లకి నిజంగా ఉపయోగపడుతున్నాయా, విన్నామన్న తృప్తితోనే ఆగిపోతున్నామా?

నీలిగీత (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. సొంత స్టూడియో పెట్టుకుని ఇది నాలుగో ఏడు. నేను, డ్రాయింగులకి ఒక అసిస్టెంట్ అమ్మాయి, అంతే. ఏడాదిన్నరగా సైట్‌కి వెళ్తూ వస్తూ డిజైనర్ల బిజినెస్ పాడ్‌కాస్టులే వింటున్నాను. ఫీజు ఎలా చెప్పాలి, క్లయింట్‌ని ఎలా ఎంచుకోవాలి, ఎప్పుడు మనిషిని పెట్టుకోవాలి, ఇలాంటివన్నీ.

మొన్న మా అసిస్టెంట్ అమ్మాయి అడిగింది: "ఇన్ని విన్నారు కదా మేడమ్, వాటివల్ల మనం ఏం మార్చాం?" జవాబు వెంటనే నోటికి రాలేదు. ఆ రాత్రి కూర్చుని రాసుకుంటే మూడు తేలాయి. మొదటి మీటింగ్‌కి ముందే క్లయింట్‌కి ప్రశ్నల ఫారం పంపుతున్నాను. ఏ పనికి ఎన్ని గంటలు పట్టిందో రాస్తున్నాను. డ్రాయింగుల్లో మార్పులు రెండుసార్ల వరకే ఫీజులో కలిసి ఉంటాయని అగ్రిమెంట్‌లో పెట్టాలనుకున్నాను. ఈ మూడోది ఇంకా అనుకోవడం దగ్గరే ఉంది. 200 ఎపిసోడ్లు విన్నాక తేలినవి ఈ మూడే.

ఈ మూడింటి కోసం అన్ని గంటలు పెట్టొచ్చా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి. నిజంగానే తెలుసుకోవాలని అడుగుతున్నాను.

సైట్‌దారి

నీలిగీత గారూ, 18 ఏళ్లుగా ఈ పనిలో ఉన్నాను. నా మాట సూటిగా చెప్తాను: వినడం తగ్గించండి.

మైకు ముందుకి వచ్చేది గెలిచినవాళ్లే. "చిన్న పనులు వద్దన్నాను, ఫీజు రెట్టింపు చేశాను, అప్పుడే నా స్టూడియో నిలబడింది" అని ఒకరు చెప్తారు. అదే నిర్ణయం తీసుకుని మూసేసుకున్నవాళ్లని ఎవరూ పిలవరు. నాకు బాగా దగ్గరైన ఒక డిజైనర్ ఇలాంటి మాట విని చిన్న పనులన్నీ వదిలేశారు. ఆ తర్వాత ఎనిమిది నెలలు పెద్ద పని ఒక్కటీ రాలేదు. పాడ్‌కాస్ట్‌లో ఆ గెస్ట్‌కి అప్పటికే పన్నెండేళ్ల పేరు, పాత క్లయింట్లు పంపే కొత్త క్లయింట్లు ఉన్నారు. ఆ సంగతి ఎపిసోడ్‌లో అరనిమిషంలో దాటిపోయింది.

ఇంకోటి. చాలామంది హోస్టులకి సొంత కోచింగ్ ప్రోగ్రాం ఉంటుంది. ముప్పావు గంట మీ సమస్య ఎంత పెద్దదో చెప్తారు, చివర్లో దానికి మందు ఫలానా కోర్సులో ఉందంటారు. వాళ్లది తప్పని అనను, అది వాళ్ల జీవనోపాధి. కానీ వినేవాళ్లకి ఏది సలహా, ఏది అమ్మకం అన్న గీత కనపడాలి. అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ నియమాల ప్రకారం డబ్బు తీసుకుని ఒక వస్తువుని మెచ్చుకుంటే ఆ విషయం బయటపెట్టాలి. హోస్ట్ తన కోర్సు గురించి తనే చెప్పుకుంటున్నప్పుడు మాత్రం ఆ గీత మన చెవే గీసుకోవాలి.

మార్జిన్‌లెక్క

సైట్‌దారి గారితో సగమే ఏకీభవిస్తాను. నా స్టూడియోని ఒక ఎపిసోడ్ నిలబెట్టింది. ఎలాగో లెక్కతోనే చెప్తాను.

సోఫాలు, కర్టెన్లు, లైట్లు నేనే కొని క్లయింట్‌కి ఇస్తాను. కొన్న ధర మీద 30 శాతం వేసుకునేదాన్ని. ఫర్నిచర్ మీద నాకు 30 శాతం మిగులుతోందనే అయిదేళ్లు నమ్మాను. ఒకరోజు ప్లైవుడ్ సరిచూస్తూ ఒక చెవిలో పెట్టుకుని వింటుంటే గెస్ట్ అన్నారు: మార్కప్ (కొన్న ధర మీద వేసుకునేది) వేరు, మార్జిన్ (అమ్మిన ధరలో మిగిలేది) వేరు. అక్కడే టేపు పక్కన పెట్టి ఫోన్‌లో లెక్క వేశాను. 100కి కొన్నది 130కి ఇస్తే మిగిలేది 30. కానీ నా అమ్మకంలో అది 23 శాతమే. నిజంగా 30 శాతం మిగలాలంటే 143 దగ్గర ఇవ్వాలి.

అంతటితో అయిపోలేదు. ఆఖర్లో క్లయింట్ "కొంచెం చూడండి" అనగానే 10 శాతం తగ్గించే అలవాటు నాకుంది. 130లో 13 పోతే 117. మిగిలేది 17. పది శాతమే తగ్గించానని నేననుకుంటే, నా లాభంలో దాదాపు సగం వదిలేస్తున్నాను. సోఫా కాలు విరిగొస్తే మార్పించడం, డెలివరీ రోజు నిలబడి చూసుకోవడం, అన్నీ ఆ 17లోంచే.

డిగ్రీలో ఇది నాకెవరూ నేర్పలేదు. తోటి డిజైనర్లని అడిగితే నవ్వి ఊరుకునేవాళ్లు. ఫీజుల గురించి పైకి మాట్లాడకపోవడానికి కొన్నిచోట్ల చట్టపరమైన కారణం కూడా ఉంది. 1990లో అమెరికా న్యాయశాఖ అక్కడి ఆర్కిటెక్టుల సంఘం ఏఐఏ మీద యాంటీట్రస్ట్ కేసు, అంటే వ్యాపారంలో పోటీని అడ్డుకుంటున్నారన్న కేసు, పెట్టింది. ఫీజుల్లో పోటీకి అడ్డుపడబోమని ఆ సంఘం కోర్టులో ఒప్పుకోవాల్సి వచ్చింది. "ఇంత తీసుకోండి" అని సంఘమే చెప్పే రోజులు అలా పోయాయి. ఇక మిగిలింది ఒక డిజైనర్ తన లెక్క తాను చెప్పుకోవడం. పాడ్‌కాస్టులు నాకు అక్కడే అక్కరకొచ్చాయి.

కొత్తపెన్సిల్

ఆఖరి ఏడాది చదువుతున్నాను. ఇవేవీ ఇప్పటివరకు వినలేదు. దేంతో మొదలుపెట్టమంటారు? ఇప్పుడు వినాలా, పనిలో చేరాక వినాలా?

మార్జిన్‌లెక్క

కొత్తపెన్సిల్, ఇంగ్లీష్‌లో రెండు రకాలు చెప్తాను, తేడా తెలుస్తుంది. లూఆన్ నిగారా చేసే "ఎ వెల్ డిజైన్డ్ బిజినెస్" 2016 నుంచి వస్తోంది. ఆవిడ విండో ట్రీట్‌మెంట్ల (కిటికీల కర్టెన్లు, బ్లైండ్లు) వ్యాపారంలోంచి వచ్చిన మనిషి కాబట్టి అగ్రిమెంట్లు, ఫీజులు, ఉద్యోగుల వంటి రోజువారీ సంగతులు ఎక్కువ. డెన్నిస్ స్కల్లీ నడిపే "బిజినెస్ ఆఫ్ హోమ్" పాడ్‌కాస్ట్ పరిశ్రమ ఎటు పోతోందన్న సంభాషణలు. మొదటిది పని నేర్చుకునేటప్పుడు, రెండోది కాస్త కుదురుకున్నాక. ఇప్పుడు వినండి, తప్పులేదు. కానీ చేతిలో ఒక పని ఉంటేనే బుర్రకెక్కుతుంది.

తెరచాటు

ఇంకో వైపు నుంచి చెప్తాను. నేను పాడ్‌కాస్ట్ వినడం కాదు, నడిపాను. 31 ఎపిసోడ్లు. క్లయింట్లు వస్తారనే మొదలుపెట్టాను.

వినేవాళ్లలో ఎక్కువమంది తోటి డిజైనర్లు, విద్యార్థులు. ఇల్లు చేయించుకోవాలనుకునేవాళ్లు ఫొటోలు చూస్తారు, తెలిసినవాళ్లని అడుగుతారు. ప్రతి ఎపిసోడ్‌కి రికార్డింగ్, ఎడిటింగ్ కలిపి ఏడెనిమిది గంటలు పోయేవి. సైట్ హడావిడి ఉన్న నెలలో అర్ధరాత్రి కూర్చుని "అంటే", "మరి" అన్న మాటలు కత్తిరించిన రోజులున్నాయి. నేరుగా దానివల్ల వచ్చిన క్లయింట్ ఒక్కరూ లేరు.

అయితే నేను ఊహించనిది ఒకటి జరిగింది. గెస్టులుగా ఆర్కిటెక్టుల్ని, బిల్డర్లని, లైటింగ్ డిజైనర్లని పిలిచేదాన్ని. ఒక గంట కూర్చుని ఒకరి పని గురించి శ్రద్ధగా అడిగితే ఆ మనిషి మనల్ని మర్చిపోరు. వాళ్లలో ఇద్దరు ఆర్కిటెక్టులు తర్వాత నాకు పనులు పంపారు. అలా చూస్తే నా పాడ్‌కాస్ట్‌కి నిజమైన శ్రోత ఎదురుగా కూర్చున్న గెస్టే. పెట్టాలనుకునేవాళ్లు ముందు గెస్టుల జాబితా రాసుకోండి, పేరు, లోగో తర్వాత.

సైట్‌దారి

మార్జిన్‌లెక్క గారూ, ఆ 17 లెక్క చదివి నా పాత బిల్లులు తీసి చూసుకున్నాను. మీరు చెప్పింది నిజం, నేనూ ఆ పొరపాటు చేశాను.

కానీ ఒక ప్రశ్న అడగాలి. ఆ 30 గానీ, 43 గానీ మీరు వేసుకుంటున్నట్టు క్లయింట్‌కి తెలుసా? అమెరికా పాడ్‌కాస్టుల్లో "ట్రేడ్ డిస్కౌంట్" అని మామూలుగా మాట్లాడేస్తారు. అక్కడ డిజైనర్లకి మాత్రమే అమ్మే షోరూములున్నాయి, డిజైనర్‌కి ఇచ్చే ధరే వేరు. ఆ ఏర్పాటు లేనిచోట, క్లయింట్ ఏ షాపులోనైనా ధర కనుక్కోగలిగేచోట, అదే సలహా తెచ్చి పెట్టుకుంటే ఏమవుతుంది? ఒకరోజు క్లయింట్ అదే సోఫా ధర ఫోన్‌లో చూపించి "ఈ తేడా ఏంటండీ?" అంటే ఏళ్లుగా సంపాదించుకున్న నమ్మకం ఆ గదిలోనే పోతుంది. నేను డిజైన్ ఫీజు ఒక్కటే తీసుకుంటాను, అసలు బిల్లు క్లయింట్ చేతికే ఇస్తాను. దీన్ని "డబ్బు వదిలేయడం" అంటూ ఒక హోస్ట్ మాట్లాడారు. నాకు బాధ కలిగింది.

మార్జిన్‌లెక్క

అడగాల్సిన ప్రశ్నే. నా అగ్రిమెంట్‌లో రాసే ఉంటుంది: నేను కొనిచ్చే వస్తువుల ధరలో ఆర్డర్ పెట్టడం, తనిఖీ, డెలివరీ, మార్పిడి బాధ్యత కలిసి ఉంటాయి, అది నా ఆదాయం అని. ఎంత శాతమో రాయను, ఉందని దాచను. మీ పద్ధతిలో సోఫా కాలు విరిగొస్తే షాపుతో ఎవరు పోట్లాడాలి? క్లయింటే కదా. మీరే వెళ్తుంటే ఆ గంటలు ఎవరి ఖాతాలో? బిల్లు చూపించే పద్ధతిని నేను తప్పుపట్టను, కానీ ఆ గంటలకి ఫీజులో చోటుండాలి.

సైట్‌దారి

నేనే వెళ్తాను. ఆ గంటలు ఇప్పటిదాకా రాయలేదు. శాతం దాచడం సరైందని మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను.

రెండోగది

ఇంతసేపూ లెక్కల గురించే నడిచింది. నాకు పాడ్‌కాస్టులు నేర్పింది లెక్క కాదు, గొంతు.

నా సమస్య మొహమాటం. ఫీజు ఎంతో నాకు తెలుసు, కాగితం మీద రాసీ ఉంటుంది. ఎదురుగా క్లయింట్ కూర్చుని "మీ ఫీజు ఎంతండీ?" అనగానే నీళ్లు నమిలేదాన్ని. అంకె చెప్పి, వాళ్లు నోరు తెరవకముందే "అంటే, మీ బడ్జెట్‌ని బట్టి చూద్దాంలెండి" అని నేనే తగ్గించేదాన్ని. వాళ్లు అడగలేదు, నేనే ఇచ్చేశాను. పుస్తకంలో "ధైర్యంగా చెప్పండి" అని చదివితే ఇది పోలేదు.

ఒక ఎపిసోడ్‌లో హోస్ట్ క్లయింట్‌లా, గెస్ట్ డిజైనర్‌లా మాట్లాడి చూపించారు. గెస్ట్ మామూలు గొంతుతో అంకె చెప్పి ఆగిపోయింది. వివరణ లేదు, నవ్వు లేదు. ఆ నిశ్శబ్దం నాకు ఎంత పొడుగ్గా అనిపించిందంటే ఫోన్ ఆగిపోయిందేమోనని చూసుకున్నాను. వెనక్కి తిప్పి లెక్కపెడితే నాలుగు సెకన్లు. నేను ఇన్నేళ్లూ భయపడింది ఆ నాలుగు సెకన్లకా అనిపించి కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

ఆ ముక్క పది పన్నెండుసార్లు విన్నాను. కారులో పైకి అని చూసుకున్నాను, తెలుగులో, నా మాటల్లో: "ఈ పనికి నా ఫీజు ఇంత అండీ." అంతే, ఆపేయాలి. ఇంగ్లీష్‌లో విన్న వాక్యం ఉన్నదున్నట్టు వాడితే మనకి కటువుగా ఉంటుంది. "అండీ" చేరిస్తే మర్యాదా ఉంటుంది, అంకె కూడా తగ్గదు. తర్వాతి క్లయింట్ దగ్గర అలాగే చెప్పి ఊరుకున్నాను. ఆయన కొంచెంసేపు ఆలోచించి "మూడు విడతల్లో ఇవ్వొచ్చా?" అన్నారు. తగ్గించమని అడగనే లేదు.

కాబట్టి నీలిగీత గారూ, 200కి మూడు అని లెక్కేసుకోకండి. మీ మూడోది ఆగిపోయింది విషయం తెలియక కాదేమో. ఆ వాక్యం మీ నోటితో ఒక్కసారైనా అన్నారా?

తెరచాటు

ఒకే ముక్కని పన్నెండుసార్లు వినడం! నేను కూడా అందరిలా రెట్టింపు స్పీడులో వినేదాన్ని. ఆ నాలుగు సెకన్లు నాకు రెండే వినిపించి ఉండేవి.

నీలిగీత

అందరికీ కృతజ్ఞతలు. రెండోగది గారి ప్రశ్న చదివాక రెండు రోజులు ఇక్కడికి రాలేదు, ఎందుకంటే జవాబు "అనలేదు".

నిన్న మా అమ్మాయిని క్లయింట్ కుర్చీలో కూర్చోబెట్టి అన్నాను: "డ్రాయింగుల్లో రెండుసార్ల మార్పులు ఫీజులోనే ఉంటాయండీ. మూడోసారి నుంచి గంటల లెక్కన బిల్లు వేస్తాను." మొదటిసారి "బిల్లు" దగ్గర గొంతు సన్నబడింది. అయిదోసారికి కుదిరింది. సాయంత్రం అగ్రిమెంట్‌లో ఆ లైను చేర్చి ఒక కొత్త క్లయింట్‌కి పంపాను. నా గంటల పుస్తకంలో పాత పని ఒకటి చూసుకున్నాను కూడా: ఒక్క వార్డ్‌రోబ్ తలుపుల మార్పులకే 11 గంటలు, బిల్లులో సున్నా.

ఈ ఉదయం క్లయింట్ జవాబిచ్చారు: "రంగు ఒక్కటి మార్చినా అది ఒక మార్పేనా?" ఇది నేనూ ఆలోచించలేదు. వారం రోజుల పాటు వచ్చిన మార్పులన్నీ కలిపి ఒకసారి కింద లెక్కేద్దామనుకుంటున్నాను. సైట్‌దారి గారూ, మార్జిన్‌లెక్క గారూ, మీ అగ్రిమెంట్లలో దీన్ని ఏమని రాస్తారు? ఇవాళ సాయంత్రంలోగా ఆవిడకి జవాబివ్వాలి.