కో పంగన్‌కి పౌర్ణమికే వెళ్లాలా, పౌర్ణమి తప్పించి వెళ్లాలా?

నీలికెరటం:

థాయ్‌లాండ్‌లో కో పంగన్ ద్వీపానికి వెళ్దామని మా స్నేహితులందరం అనుకున్నాం. ఇంతవరకు బాగానే ఉంది. తేదీ దగ్గరే పేచీ వచ్చింది. హాద్ రిన్ బీచ్‌లో పౌర్ణమి రాత్రి తెల్లవార్లూ జరిగే ఫుల్ మూన్ పార్టీ చూడకపోతే అంత దూరం వెళ్లడం దండగ అని సగం మంది అంటున్నారు. ఆ వారం తప్ప ఎప్పుడైనా సరే అని మిగతావాళ్లు. తేదీ తేలితే గానీ టికెట్లు కొనలేం. వెళ్లొచ్చినవాళ్లు మీ మాట చెప్పండి. తాగుడు మంచిదా చెడ్డదా అనే చర్చ ఇక్కడ వద్దు, అది ఎవరిష్టం వాళ్లది. ఆ ద్వీపం పౌర్ణమికి బాగుంటుందా, మామూలు రోజుల్లో బాగుంటుందా, ఎందుకు?

రాత్రిపక్షి:

పౌర్ణమికే వెళ్లండి. బీచ్‌లంటే థాయ్‌లాండ్ నిండా ఉన్నాయి. క్రాబీలో ఉన్నాయి, ఫుకెట్‌లో ఉన్నాయి, పక్కనే కో సముయ్‌లోనూ ఉన్నాయి. హాద్ రిన్ పౌర్ణమి మాత్రం అక్కడొక్కచోటే. 1980ల మధ్యలో కొద్దిమంది బ్యాక్‌ప్యాకర్లు తాము దిగిన చిన్న కుటీరాల ముందు ఇసుకలో చేసుకున్న చిన్న పార్టీ అది. ఇప్పుడు రద్దీ నెలల్లో 20, 30 వేల మంది దాకా వస్తారు. కోవిడ్‌కి ఆగిపోయి 2022లో మళ్లీ మొదలైంది, జనం మళ్లీ వచ్చారు.

అది తూర్పు ముఖంగా ఉన్న బీచ్. సాయంత్రం చంద్రుడు నీళ్లలోంచే లేస్తాడు, తెల్లవారాక సూర్యుడూ అక్కడే. మధ్యలో రాత్రంతా ఇసకేస్తే రాలనంత జనం. సందుల్లో చిన్న బల్లలు వేసుకుని చేతులకీ మొహాలకీ మెరిసే రంగులు పూస్తుంటారు. ఒడ్డు పొడవునా సౌండ్ సిస్టమ్‌లు వరసగా ఉంటాయి. టెక్నో దగ్గర నుంచి పది అడుగులు వేస్తే హిప్‌హాప్, ఇంకాస్త నడిస్తే రెగె. ఎవరు ఏ దేశమో, ఏం పని చేస్తారో ఎవరూ అడగరు. భాష రానివాళ్లతో గంటలకొద్దీ డాన్స్ చేస్తాం. ఇరవైల్లో, ముప్పైల్లో ఉన్నవాళ్లకి ఇలాంటి రాత్రి ఒకటి ఉండాలి. ప్రవేశానికి ఒకప్పుడు 100 బాట్లు ఉండేది, తర్వాత 200 చేశారు. ఆ డబ్బుకి అంత పెద్ద పార్టీ ఇంకెక్కడా దొరకదు.

ఉప్పుగాలి:

నేను పక్కనున్న కో తావో ద్వీపంలో డైవింగ్ షాపులో ఒక సీజన్ పనిచేశాను. పౌర్ణమి వెళ్లాక కో పంగన్ నుంచి మా దగ్గరికి దిగేవాళ్లని చూశాను, పౌర్ణమికి నేనూ వెళ్లాను. రాత్రిపక్షి గారు చెప్పినవన్నీ నిజమే. కాకపోతే ఆయన చెప్పింది రాత్రి పదకొండు వరకు ఉన్న సంగతి. పన్నెండు దాటాక ఏమవుతుందో నేను చెప్తాను.

అక్కడ మందు గ్లాసుల్లో కాదు, బకెట్లలో అమ్ముతారు. పిల్లలు ఇసుకలో ఆడుకునే సైజు ప్లాస్టిక్ బకెట్. అందులో ఒక చిన్న సీసా స్థానిక రమ్ము, ఒక కోక్, ఒక ఎనర్జీ డ్రింక్ సీసా, నాలుగు స్ట్రాలు. తియ్యగా ఉంటుంది కాబట్టి ఎంత తాగుతున్నామో తెలియదు. ఎనర్జీ డ్రింక్ వల్ల నిద్ర రాదు కాబట్టి మత్తు ఎక్కిన సంగతీ తెలియదు. తర్వాత ఇద్దరు మనుషులు కిరసనాయిల్లో తడిపిన తాడుకి నిప్పంటించి తిప్పుతారు, జనం దాని మీద నుంచి గెంతుతారు. ఇసుకలో కాలు జారితే ఆ తాడు పిక్కకి చుట్టుకుంటుంది. పిక్క మీద అరచేయంత కట్టుతో మా షాపుకి వచ్చి, ముందే డబ్బు కట్టిన డైవింగ్ కోర్సు వదులుకున్నవాళ్లు ఉన్నారు. కాలిన పుండుతో ఉప్పునీళ్లలోకి ఎవరు దింపుతారు? సెలవంతా గదిలోనే గడిచిపోయేది వాళ్లకి.

ఒడ్డున గాజుపెంకులుంటాయి, చెప్పులు పోతాయి, ఒట్టి కాళ్లతో తిరుగుతారు. తాగి సముద్రంలోకి దిగుతారు. ఆ నీళ్లలో బాక్స్ జెల్లీఫిష్ ఉంటుందని చాలామందికి తెలియదు. 2015లో హాద్ రిన్‌లోనే రాత్రిపూట ఈతకి దిగిన ఒకామె అది కుట్టి చనిపోయింది. ఆ చుట్టుపక్కల బీచ్‌ల దగ్గర కర్రలకి వెనిగర్ సీసాలు పెట్టి ఉంచేది అందుకే. కుట్టిన చోట రుద్దకుండా, మంచినీళ్లు పోయకుండా, వెంటనే వెనిగర్ పోయాలి. చీకట్లో, ఆ హోరులో ఆ సీసా ఎక్కడుందో ఎవరు వెతుకుతారు?

నేను ఆ ద్వీపాన్ని ప్రేమిస్తాను కాబట్టే ఇంత చెప్తున్నాను. అది 125 చదరపు కిలోమీటర్ల ద్వీపం. హాద్ రిన్ దాని ఆగ్నేయపు కొస. ఆ కొస మీద ఒక రాత్రి గడిపి వచ్చి కో పంగన్ చూశామని చెప్పుకోవడం నాకు బాధగా ఉంటుంది. ఉత్తరాన చాలోక్‌లమ్ అనే జాలరి ఊరుంది. అక్కడి నుంచి లాంగ్‌టెయిల్ బోటులో బాటిల్ బీచ్‌కి వెళ్లొచ్చు. మే హాద్ దగ్గర సముద్రం తగ్గినప్పుడు ఇసుక మేట బయటపడి కో మా అనే చిన్న దీవి దాకా నడిచి వెళ్లొచ్చు, రెండు వైపులా నీళ్లు, స్నార్కెల్ పెట్టుకుంటే పగడపు దిబ్బలు. తాన్ సదెత్ వాగు దగ్గరికి ఒకప్పటి థాయ్ రాజు చులలోంగ్‌కోర్న్ పదిసార్లకు పైగా వచ్చాడు, అక్కడి బండల మీద తన పేరులోని అక్షరాలు చెక్కించాడు. 627 మీటర్ల ఖావో రా శిఖరానికి అడవిలోంచి దారి ఉంది. పౌర్ణమి మర్నాడు ఇవేవీ ఎవరూ చూడరు, సాయంత్రం దాకా పడుకుంటారు.

కొండదారి:

గ్రూపులో ఆడపిల్లలుంటే పౌర్ణమి వద్దే వద్దు. ఇందులో చర్చే లేదు.

తెల్లమబ్బు:

కొండదారి గారూ, చర్చ ఉంది. మేం ఎక్కడికి వెళ్లాలో, ఎక్కడికి వెళ్లకూడదో మా తరఫున మీరు తేల్చేస్తే ఎలా? మేం అందరం ఆడవాళ్లమే వెళ్లాం, నాకు ఆ రాత్రి నచ్చింది. ప్రమాదం లేదని అనను. దానికి తగ్గట్టు నడుచుకున్నాం అంటున్నాను.

గది హాద్ రిన్‌లోనే, నడిచి వెళ్లేంత దగ్గరలో తీసుకున్నాం. ఇది అన్నిటికన్నా ముఖ్యం. ఎందుకంటే రాత్రి మూడింటికి అలసిపోతే వాహనం కోసం ఎవరినీ బతిమాలక్కర్లేదు. బకెట్ ముట్టుకోలేదు, మూత మా ఎదురుగా తీసిన సీసా మాత్రమే తాగాం, దాన్ని ఇంకొకరి చేతికి ఇవ్వలేదు. పాస్‌పోర్టులు గదిలోని లాకర్‌లో పెట్టి, కాస్త నగదు మాత్రం నడుముకి కట్టుకున్నాం. గంటకోసారి ఒకే బార్ బోర్డు కింద కలుసుకోవాలని ముందే అనుకున్నాం, ఫోన్లని నమ్ముకోలేదు. టూరిస్ట్ పోలీసుల నంబరు 1155, అంబులెన్స్ 1669. ఈ రెండూ అందరి ఫోన్లలోనూ ఉండాలి, మగవాళ్ల ఫోన్లలో కూడా. తాడు మీద గెంతి కాళ్లు కాల్చుకునేది, సముద్రం ఒడ్డున స్పృహ లేకుండా పడి ఉండి జేబులు ఖాళీ చేయించుకునేది ఎక్కువగా మగపిల్లలే. నేను చూసింది అదే. వాళ్లకి వద్దని మాత్రం ఎవరూ చెప్పరు.

ఒకటి మాత్రం కచ్చితంగా చెప్తాను. గ్రూపులో ఒక్కరికి ఇష్టం లేకపోయినా వాళ్లని లాక్కెళ్లొద్దు. అంత జనంలో భయపడుతున్న మనిషిని పక్కన పెట్టుకుని ఎవరికీ సంతోషం ఉండదు.

పడవదారి:

తేదీ ఏదైనా ఇవి చూసుకోండి. కో పంగన్‌లో విమానాశ్రయం లేదు. సముయ్ వరకు విమానంలో వచ్చి బోటెక్కాలి, అక్కడి నుంచి అరగంట. లేదంటే సూరత్ థానీ వైపు డాన్‌సాక్ రేవు నుంచి ఫెర్రీ, అది రెండున్నర గంటలు పడుతుంది. పౌర్ణమి వారంలో బోట్లు ముందే నిండిపోతాయి, హాద్ రిన్ హోటళ్లు నాలుగైదు రాత్రులకి తక్కువైతే గది ఇవ్వవు. అంటే ఒక్క రాత్రి కోసం వెళ్లినా నాలుగైదు రాత్రుల డబ్బు కట్టాలి.

సముయ్‌లో ఉండి ఆ రాత్రికి స్పీడ్‌బోటులో వచ్చి పోదామని కొందరు అనుకుంటారు. దయచేసి అది మానుకోండి. 2005 జనవరిలో పార్టీ నుంచి సముయ్‌కి తిరిగి వెళ్తున్న బోటు ఎక్కువమందిని ఎక్కించుకుని మునిగింది, పదిమందికి పైగా చనిపోయారు. లైఫ్ జాకెట్ ఇవ్వని బోటు ఎక్కొద్దు, జనం కిక్కిరిసి ఉంటే దిగిపోండి.

ఇంకో సంగతి, పార్టీ ప్రతిసారీ సరిగ్గా పౌర్ణమి రాత్రే ఉండదు. మాఖ బుచ, విశాఖ బుచ, ఆసాళ్హ బుచ అనే మూడు బౌద్ధ పండుగలు పౌర్ణమినాడే వస్తాయి. మన వైశాఖ పౌర్ణమి, ఆషాఢ పౌర్ణమి ఉన్నట్టే. అలాంటప్పుడు పార్టీని ఒకరోజు అటో ఇటో మారుస్తారు. క్యాలెండర్‌లో చంద్రుడి బొమ్మ చూసి టికెట్ కొనేయొద్దు.

రాత్రిపక్షి:

ఉప్పుగాలి గారూ, తాడు గురించి మీతో నాకు పేచీ లేదు, దాని జోలికి ఎవరూ వెళ్లకూడదు. కానీ పౌర్ణమి తప్పించుకోండి అని అందరూ అందరికీ చెప్తూ పోతే ఆ ఊరి సంగతేమిటి? ఒకప్పుడు ఆ ద్వీపం కొబ్బరి మీదా చేపల మీదా బతికింది. ఇప్పుడు రంగులు పూసే అమ్మాయి, నూడుల్స్ బండి పెట్టుకున్న పెద్దావిడ, సాంగ్‌తావ్ (అక్కడి షేర్ టాక్సీ) నడిపే మనిషి, వీళ్లందరికీ ఆ వారమే నెల సంపాదన. కోవిడ్‌లో రెండేళ్లు పార్టీ లేకపోతే మూతపడ్డ దుకాణాలే దానికి సాక్ష్యం. ప్రశాంతత కోసం వెళ్లేవాళ్లు ద్వీపానికి పడమటి పక్కనున్న శ్రీథను వైపు యోగా కేంద్రాల్లో డబ్బు ఖర్చు పెడతారు. అందులో హాద్ రిన్ బండి వాళ్లకి దక్కేది ఎంత?

ఉప్పుగాలి:

మంచి ప్రశ్న. పార్టీని మూసేయమని నేను అనలేదు, అననూ అనను. మీరన్న ఆ పెద్దావిడ పొద్దున ఎలాంటి బీచ్‌కి లేస్తుందో అది కూడా లెక్కలోకి రావాలి అంటున్నాను. తెల్లవారి ఆరింటికి నీళ్ల అంచున సీసాలు, స్ట్రాలు, బకెట్లు, తెగిన చెప్పులు కలిసి ఒక గట్టులా పేరుకుని ఉంటాయి. మనుషులు గోనె సంచులతో ఏరతారు. వాళ్లు రాకముందు కెరటం తీసుకెళ్లిపోయింది ఎక్కడికి పోతుంది? మేం నీటి అడుగున చూసేవాళ్లం, ఆ స్ట్రాలని.

చూడడానికి వచ్చినవాళ్లే ఒక చోటుని ఎలా పాడు చేస్తారో థాయ్‌లాండ్‌కి బాగా తెలుసు. ఫీ ఫీ లే దీవిలో మాయా బేని 2018 జూన్‌లో మూసి 2022 జనవరిలో గానీ తెరవలేదు. మనుషులు లేకపోయేసరికి ఆ లోతులేని నీళ్లలోకి బ్లాక్‌టిప్ సొరచేపలు తిరిగి వచ్చాయి. ఇప్పటికీ ప్రతి ఏడూ కొన్నాళ్లు మూస్తున్నారు. ఫిలిప్పీన్స్ కూడా అదే 2018లో తన బొరాకే ద్వీపాన్ని ఆరు నెలలు మూసేసింది. అక్కడ మురుగు నేరుగా సముద్రంలోకి వదిలారు. మూసేసిన ఆ నెలల్లో బతుకు పోయింది చిన్న బండ్ల వాళ్లదే. ఆ పరిస్థితి హాద్ రిన్ వాళ్లకి రాకూడదనే నా బాధ. అందరూ ఒకే రాత్రికి పోగవకుండా నెలంతా వస్తే బండికి రోజూ బేరం ఉంటుంది, బీచ్‌కి ఊపిరి ఆడుతుంది.

తెల్లమబ్బు:

ఈ మాట ఒప్పుకుంటాను. కానీ మామూలు రోజుల్లో వెళ్లేవాళ్లు కూడా స్కూటర్ సంగతి మర్చిపోవద్దు. బోట్లు ఆగే ముఖ్య ఊరు తాంగ్ సాలా నుంచి హాద్ రిన్ వెళ్లే రోడ్డు నిటారుగా ఎక్కి దిగుతుంది, మలుపుల్లో ఇసుక ఉంటుంది. బైక్ నడిపే అంతర్జాతీయ లైసెన్స్ లేకుండా అద్దెకి తీసుకుని పడితే ఇన్సూరెన్స్ పైసా ఇవ్వదు. అద్దె షాపు పాస్‌పోర్ట్ తాకట్టు అడిగితే ఇంకో షాపు చూసుకోండి. సాంగ్‌తావ్ ఖరీదే, అయినా అందులోనే వెళ్లండి.

గంజాయి గురించి పాత వీడియోలు చూసి వెళ్లేవాళ్లు కూడా జాగ్రత్త. 2022లో తెరిచిన తలుపులు 2025లో మళ్లీ చాలావరకు మూశారు, వైద్యుడి చీటీ ఉండాలి. మిగతా మత్తుమందులకి శిక్షలు చాలా కఠినం. వేప్ (ఈ-సిగరెట్) కూడా నిషేధమే, బ్యాగులో పెట్టుకెళ్లొద్దు.

నీలికెరటం:

మా వాళ్లందరూ ఇది చదివారు. అందరికన్నా గట్టిగా పార్టీ అన్నవాడిని కదిలించింది జెల్లీఫిష్ కాదు, ఆ నాలుగైదు రాత్రుల గది అద్దె. నన్ను మాత్రం పొద్దున గోనె సంచులతో ఏరే మనుషుల సంగతి వదల్లేదు. పౌర్ణమి వెళ్లిన ఐదో రోజుకి దిగేలా ఫిబ్రవరి చివర చూస్తున్నాం. హాద్ రిన్‌లోనే రెండు రాత్రులు ఉంటాం, రాత్రిపక్షి గారు చెప్పిన బండ్ల దగ్గరే తింటాం. తర్వాత చాలోక్‌లమ్.

రాత్రిపక్షి:

నా మాట మారదు, మీరు ఒక గొప్ప రాత్రి వదులుకుంటున్నారు. సరే, ఫిబ్రవరి మంచి నెల, వానలుండవు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఆ వైపు కుండపోత, నవంబరులో బోట్లే ఆగిపోతుంటాయి. బాటిల్ బీచ్‌కి బోటులో వెళ్తే తిరుగు బోటు ఎన్నింటికో అక్కడ దిగేముందే ఖరారు చేసుకోండి. సాయంత్రం కెరటాలు పెరిగితే రామంటారు, అప్పుడు అడవి దారిలో నడవాలి.