మూడుసార్లు అదే పొజిషన్ వచ్చినా ఆర్బిటర్ డ్రా ఇవ్వలేదు, కరెక్టేనా?

చెస్ టోర్నమెంట్‌లో ఆడిన గేమ్ గురించి అడుగుతున్నా, ఇద్దరికీ రేటింగ్ లేదు. నాది తెలుపు: కింగ్ డి5, రూక్ ఏ7, పాన్ ఇ5. ఆయనకి కింగ్ ఇ8, రూక్ హెచ్6, అంతే. నేను రూక్‌ని ఏ7, బి7 మధ్య తిప్పుతుంటే ఆయన హెచ్6, జి6 మధ్య తిప్పాడు. ఇదే పొజిషన్ మూడోసారి వచ్చేలా రూక్‌ని హెచ్6లో పెట్టి, క్లాక్ నొక్కి, అప్పుడు డ్రా అన్నాడు. ఆర్బిటర్ కుదరదన్నారు. నేను ఇ6 తోశాను, ఆయన వెంటనే రూక్ హెచ్1కి వేసి వెనక నుంచి చెక్‌ల మీద చెక్‌లు ఇచ్చాడు, చివరికి డ్రాకే ఒప్పుకున్నాం. ఆర్బిటర్ చెప్పింది రూలేనా? ఇంకోటి, నాకు గెలుపు ఉందా?

జవాబు:
రూలే అండీ. ఫిడే (ప్రపంచ చెస్ సంఘం) రూల్స్‌లో అదే పొజిషన్ మూడోసారి వస్తే డ్రా అడగొచ్చు, కానీ ఎవరి వంతో వాళ్లే క్లెయిమ్ చేయాలి. తన ఎత్తుతో మూడోసారి వస్తుందనుకుంటే దాన్ని బోర్డు మీద వేయకుండా, ముందు స్కోర్‌షీట్‌లో రాసి ఆర్బిటర్‌కి చెప్పాలి. పీస్ ముట్టుకుంటే ఆ ఎత్తుకి హక్కు పోయినట్టే. ఆయన క్లాక్ నొక్కాక ఆ హక్కు మీకొచ్చింది, మీరు అడిగుంటే డ్రా ఇచ్చేవారు! ఎవరూ అడగకుండా ఆర్బిటరే ఆపాలంటే అదే పొజిషన్ 5 సార్లు రావాలి.

జవాబు:
గెలుపు లేదు. ఇది ఫిలిడోర్ పొజిషన్, 1777 నుంచి పుస్తకాల్లో ఉన్న డ్రా. నల్ల రూక్ ఆరో వరుసని కాపలా కాస్తున్నంతసేపు మీ కింగ్ డి6కి రాలేదు. పాన్ ఇ6కి వెళ్లాక కింగ్ దాక్కోడానికి ఇ6 గడి ఉండదు, అందుకే చెక్‌లు ఆగవు. ఇ6 తర్వాత ఆయన అలవాటుగా జి6 ఆడుంటే మీరు కింగ్ డి6 వేసేవారు, ఏ8లో మేట్ బెదిరింపు, ఆయన పని కష్టమయ్యేది. హెచ్1 వెంటనే కనిపెట్టాడంటే తెలిసినవాడే, నిజంగా బాగా ఆడాడు.

అడిగినవారు:
మరి ఇ6 తోయకుండా ఇంకా తిప్పి చూసుండాల్సిందా?

జవాబు:
చూడొచ్చు, కానీ అవే గళ్లలో తిప్పితే మళ్లీ అదే పొజిషన్ వస్తుంది, ఆయన ఈసారి సరిగ్గా క్లెయిమ్ చేయొచ్చు, 5 సార్లు వస్తే ఆర్బిటరే ఆపేస్తారు. వేరే వేరే గళ్లలో తిప్పినా, పాన్ కదలకుండా, ఏదీ కొట్టకుండా ఇద్దరివీ చెరో 50 ఎత్తులు పూర్తయితే ఆయన దాని మీద డ్రా అడగొచ్చు, 75కి ఎవరూ అడక్కపోయినా గేమ్ అయిపోతుంది. కానీ మీ ఛాన్స్ అంతకుముందే ఉండుంటుంది, ఆయన రూక్ ఆరో వరుసకి చేరకముందు. స్కోర్‌షీట్‌లో ముందు ఎత్తులు కూడా ఇక్కడ పెట్టండి, చూద్దాం.