జర్మన్ అక్షరాలు: ఫోన్‌లో పేరు స్పెల్ చేయమంటే టెన్షన్ వస్తోంది

అన్నలకూ అక్కలకూ నమస్కారం. మాస్టర్స్ కోసం జర్మనీలోని ఆఖెన్ వచ్చాను. క్లాసులు ఇంగ్లీషులోనే కదా, భాష సంగతి తర్వాత చూద్దాంలే అనుకున్నా. నిన్న డాక్టర్ అపాయింట్‌మెంట్‌కి ఫోన్ చేస్తే పేరు స్పెల్ చేయమన్నారు. ఆర్, ఏ, జే, యూ అన్నాను. ఆవిడ తిరిగి చదివితే రెండో అక్షరం దగ్గరే నా పేరు మారిపోయింది. యూట్యూబ్‌లో అక్షరాల పాటలు వింటున్నా గానీ బుర్రకెక్కడం లేదు. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

మ్యూనిక్ నుంచి:

తమ్ముడూ, ముందు ఆ పాటలు పక్కన పెట్టు. నీ పేరు, ఇంటిపేరు, వీధి పేరు, ఈమెయిల్, ఈ నాలుగూ గడగడా స్పెల్ చేయగలిగితే మొదటి నెల గడిచిపోతుంది. కొత్త ఇంట్లో దిగిన రెండు వారాల్లో అన్మెల్డుంగ్ (అడ్రస్ నమోదు) చేయించుకోవాలి, తర్వాత బ్యాంకు, ఇన్సూరెన్స్. అందరూ అడిగేది ఇదే.

నువ్వు 'ఏ' అంటే ఆవిడ ఇ (E) రాసింది. ఎందుకంటే జర్మన్‌లో ఇ అక్షరం పేరే 'ఏ'. ఐ అక్షరాన్ని 'ఈ' అంటారు, ఇంగ్లీషు ఏ ఇక్కడ 'ఆ'. జే 'యోట్', వీ 'ఫావ్', డబ్ల్యూ 'వే', జెడ్ 'ట్సెట్', వై 'ఉప్సిలోన్'. మిగతావి అంతగా తికమక పెట్టవు. నీ పేరు 'ఎర్, ఆ, యోట్, ఊ'. వెయిటింగ్ రూమ్‌లో 'హెర్ రాయూ' (మిస్టర్ రాజు) అని పిలిస్తే అది నువ్వే, లేచి వెళ్ళు.

లైన్ సరిగ్గా లేకపోతే అక్షరానికో మాట చెప్తారు. పాత పట్టికలో మనుషుల పేర్లు ఎక్కువ: అంటోన్, బెర్టా, యూలియుస్. 1934లో నాజీలు అందులోంచి డావిడ్, నాథన్ లాంటి యూదుల పేర్లు ఏరి పారేశారు. 'ఎన్'కి ఈరోజుకీ చాలామంది 'నోర్ట్‌పోల్' (ఉత్తర ధ్రువం) అనేది అందుకే. 2022లో వచ్చిన కొత్త పట్టికలో దాదాపు అన్నీ ఊళ్ళ పేర్లే. నీకు రోస్టాక్, ఆఖెన్, యేనా, ఉన్నా. ఉన్నా అనే ఊరు నిజంగానే ఉంది, తెలుగువాడికి మర్చిపోయే పనే లేదు! కాకపోతే ఫోన్‌లో పెద్దవాళ్ళు ఇంకా అంటోన్, బెర్టా అనే అంటారు, రెండూ చెవిన పడేసుకో.

ఇక శబ్దాలు. ఇక్కడ మనకి కలిసొచ్చేవి ఉన్నాయి. ఎ–ఏ, ఒ–ఓ తేడా మనకి పుట్టుకతో వచ్చింది, జర్మన్‌కి అది ప్రాణం. 'ష్టట్' నగరం, 'ష్టాట్' రాజ్యం. 'ఒఫెన్' అంటే తెరిచి ఉంది, 'ఓఫెన్' అంటే ఓవెన్. జెడ్ కూడా మనదే: చలి, చుక్క అనేటప్పుడు ఇంట్లో పలికే చ ఉంది చూడు, దాదాపు అదే. రైలుని ఆ చ తోనే 'చూక్' అనాలి. 'ఆఖెన్'లో ఖ మాత్రం హైదరాబాద్ ఉర్దూలో 'ఖబర్' అన్నప్పుడు గొంతు గీసుకునే ఖ.

ఇ, ఐ పక్కపక్కన వస్తే రెండో అక్షరాన్ని దాని ఇంగ్లీషు పేరుతో పలుకు. వెనక ఐ ఉంటే 'ఐ', ఇ ఉంటే 'ఈ'. 'వైన్' తాగేది, 'వీన్' వియన్నా.

పైన రెండు చుక్కలుండే అక్షరాలకి అద్దం ముందు కూర్చో. 'ఈ...' అంటూనే నాలుక కదపకుండా పెదాలు ఊ అన్నట్టు ముందుకి చాపితే యూ మీద చుక్కలది వస్తుంది. 'ఏ...' అంటూ పెదాలు ఓలా గుండ్రంగా చుడితే ఓ మీద చుక్కలది. నవ్వొస్తుంది, అయినా అదొక్కటే దారి. టైప్ చేసేటప్పుడు ఆ చుక్కలు దొరక్కపోతే పక్కన ఒక ఇ చేరిస్తే చాలు.

మనవాళ్ళని పట్టిచ్చేవి వేరే ఉన్నాయి. మాట చివర ఉకారం తగిలించడం ఒకటి: డాక్టర్ 'ఆర్ట్‌స్ట్', 'ఆర్ట్‌స్టు' కాదు. 'ఎసెన్' (తినడం) అనే మాటని 'యెసెన్' అనడం ఇంకొకటి. ఆ యకారం వింటే అవతలివాళ్ళు మాట జే అక్షరంతో మొదలైందనుకుంటారు. మూడోది ద్విత్వం. ఒకే హల్లు రెండుసార్లు రాసి ఉంటే మనం అమ్మ, అక్క అన్నట్టు నొక్కేస్తాం. ఇక్కడ దాని అర్థం ముందున్న అచ్చు పొట్టిది అని మాత్రమే. అందుకే 'దయచేసి' అనడానికి 'బిట్టె' కాదు, 'బిటె'.

స్టుట్‌గార్ట్ నుంచి:

అక్క అన్నీ చెప్పేశారు. ఒక్కటి కలుపుతా. ఫోన్‌లో నంబర్ చెప్పేటప్పుడు రెండుని 'ట్స్వో' అంటారు, 'ట్స్వై' అంటే మూడు 'డ్రై'లా వినపడుతుందని. అది కొత్త అంకె అనుకుని కంగారు పడకు.

ఆఖెన్ నుంచి:

థాంక్స్ అక్కా, అన్నా. మా వీధి పేరు చివర బీ లాంటి అక్షరం ఉంది, దాన్నేమని చెప్పాలి?

మ్యూనిక్ నుంచి:

'ఎస్‌ట్సెట్' అంటారు. బీ కాదు, పలకడం స. ఫారంలో రాకపోతే రెండు ఎస్‌లు రాయి, ఎవరూ ఏమీ అనరు. స్విట్జర్లాండ్‌లో ఎలాగూ రెండు ఎస్‌లే. 1996 సంస్కరణ తర్వాత దీర్ఘం వెనక ఎస్‌ట్సెట్, పొట్టి అచ్చు వెనక రెండు ఎస్‌లు. అందుకే వీధి అనే అర్థమున్న 'ష్ట్రాసె'లో అది కనిపిస్తుంది.

ఏ1 (మొదటి స్థాయి) జర్మన్ పరీక్ష రాసే ఉద్దేశం ఉంటే, గోథే ఇన్‌స్టిట్యూట్ వాళ్ళ స్పీకింగ్‌లో పరిచయం చేసుకున్నాక ఏదో ఒక మాట స్పెల్ చేయమంటారు. క్లాసు కావాలంటే ఊళ్ళో ఫోల్క్స్‌హోఖ్‌షూలెలో (పెద్దవాళ్ళకి క్లాసులు నడిపే ప్రజా విద్యా కేంద్రంలో) అడుగు, ప్రైవేటు స్కూళ్ళ కంటే సాధారణంగా చవక. సీట్లు త్వరగా నిండిపోతాయి, ఈ వారమే వెళ్ళు.